ఉగ్గుగిన్నెడు ఊపిరి: పసిపిల్లలకు పోర్టబుల్ వెంటిలేటర్ వాడితే ముప్పు ఎక్కడుంది?

మూడు కిలోల బిడ్డ ఒక్కసారి ఊపిరి పీలిస్తే లోపలికి వెళ్లే గాలి ఎంత? కిలోకు 6 నుంచి 8 మిల్లీలీటర్ల లెక్కన 18 నుంచి 24 మిల్లీలీటర్లు. అంటే ఒక చిన్న ఉగ్గుగిన్నెలో పట్టేంత. అదే లెక్కన 60 కిలోల మనిషికి 360 నుంచి 480 మిల్లీలీటర్లు కావాలి. చేత్తో పట్టుకెళ్లగలిగే వెంటిలేటర్లలో చాలావాటిని పెద్దవాళ్ల ఊపిరికీ, కాస్త ఎదిగిన పిల్లల ఊపిరికీ సరిపోయేలా తయారుచేశారు. చెంబుతో పోయడం అలవాటైన చేతికి ఉగ్గుగిన్నె ఇచ్చి, ఒక్క చుక్క కూడా ఒలకకూడదంటే ఎంత కష్టమో, ఈ యంత్రాలకు పసిబిడ్డ ఊపిరి అంత కష్టం.

యంత్రం చెడిపోతేనే ప్రమాదమని సాధారణంగా అనుకుంటాం. చెడిపోవడం వల్ల ప్రమాదాలు జరిగిన మాట నిజమే. అయితే పసిపిల్లల విషయంలో ఇంకో రకం ముప్పు ఉంది. యంత్రం బాగానే పనిచేస్తుంది, తెర మీద అంకెలు సవ్యంగానే కనిపిస్తాయి, అలారం మోగదు. అయినా బిడ్డకు గాలి అందదు. ఈ రెండో రకం ముప్పు ఎలా పుడుతుందో, దానికి ఎంతమేరకు ఆధారాలున్నాయో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

యంత్రం ఎందుకు ఇంటికొచ్చింది?

కండరాల బలహీనతతో పుట్టినవారు, నెలలు నిండకుండా పుట్టి ఊపిరితిత్తులు దెబ్బతిన్నవారు, నిద్రపోతే శ్వాస సరిగా ఆడని అరుదైన లోపంతో పుట్టినవారు ఈ యంత్రాలతో బతుకుతున్నారు. యంత్రం ఇంటికి రాకపోతే వాళ్ల బాల్యమంతా ఐసీయూలోనే గడిచిపోతుంది. అమెరికాలోని అయోవా రాష్ట్రానికి చెందిన కేటీ బెకెట్ విషయంలో అదే జరగబోయింది. ఆసుపత్రిలో ఉంటే ప్రభుత్వ బీమా డబ్బు చెల్లిస్తుంది, ఇంటికి వెళితే చెల్లించదు. 1981లో అధ్యక్షుడు రీగన్ ఈ మూడేళ్ల పాప సంగతి విలేకరుల ముందు ప్రస్తావించాకే నిబంధన సడలింది. కాబట్టి ముప్పు గురించి చెప్పుకునేటప్పుడు తక్కెడ రెండో పళ్లెంలో ఏముందో మరిచిపోకూడదు.

ఐదు కిలోల గీత

ఫిలిప్స్ కంపెనీ ట్రైలజీ 100 ఇళ్లలో విస్తృతంగా వాడిన వెంటిలేటర్. కనీసం 5 కిలోల బరువున్న రోగులకే వాడాలని తయారీదారు నిర్దేశించారు. ఒక్కో ఊపిరికి అది ఇవ్వగల కనీస పరిమాణం 50 మిల్లీలీటర్లు. ఎల్‌టీవీ అనే మరో శ్రేణి యంత్రాలకూ 5 కిలోలే హద్దు. తర్వాత వచ్చిన ట్రైలజీ ఎవోలో ఆ హద్దు 2.5 కిలోలకు దిగింది.

ఈ గీత మీదే నిలబడి చూద్దాం. సరిగ్గా 5 కిలోల బిడ్డకు 50 మిల్లీలీటర్లంటే కిలోకు 10 మిల్లీలీటర్లు. మామూలుగా కావలసిన 6 నుంచి 8 కన్నా ఎక్కువే. నాలుగు కిలోల బిడ్డకైతే కిలోకు 12.5. అవసరానికి మించిన గాలి పదేపదే వెళితే ఊపిరితిత్తుల సన్నని గోడలు సాగి గాయపడతాయి. అందుకే చాలామంది వైద్యులు చిన్నపిల్లలకు గాలి పరిమాణాన్ని కాకుండా ప్రెషర్‌ను నిర్ణయించే పద్ధతి ఎంచుకుంటారు. దానితో ఈ చిక్కు కొంత తీరుతుంది కానీ, ప్రతిసారీ ఎంత గాలి వెళుతుందన్న భరోసా తగ్గుతుంది.

పరిమాణంతో పాటు వేగమూ ఉంది. నవజాత శిశువు నిమిషానికి 40 నుంచి 60 సార్లు ఊపిరి తీస్తుంది. గాలి లోపలికి వెళ్లే సమయం అర సెకను కూడా ఉండదు. ఆ చిన్న ప్రయత్నాన్ని యంత్రం గుర్తించి, అదే క్షణంలో సాయం చేయాలి. గుర్తించలేకపోతే బిడ్డ తనదారిన తాను పీలుస్తూ, యంత్రంతో పోట్లాడుతూ అలసిపోతుంది. పోనీ గుర్తించే మీటను మరీ సున్నితంగా పెడితే, గొట్టంలో చేరిన నీటిబొట్టు కదిలినా, గాలి కాస్త లీకైనా దాన్నే ఊపిరి అనుకుని యంత్రం గాలి ఊదేస్తుంది.

గీతకు దిగువన ఉన్న బిడ్డకు వైద్యుడు ఈ యంత్రం వాడితే అది తప్పే అనలేం. వేరే దారి లేనప్పుడు నిపుణులు ఆలోచించి తీసుకునే నిర్ణయం అది. కాకపోతే తయారీదారు చేయని పరీక్షల భారమంతా అప్పుడు ఆ మంచం పక్కనున్న మనుషుల మీద పడుతుంది.

గొట్టంలో చిక్కుకునే గాలి

వెంటిలేటర్ నుంచి బిడ్డ దాకా గాలిని తెచ్చే ముడతల గొట్టం ప్రెషర్ పెరిగినప్పుడల్లా కొద్దిగా ఉబ్బుతుంది, లోపలి గాలీ కాస్త నొక్కుకుపోతుంది. ప్రతి సెంటీమీటరు నీటి పీడనానికి 2 మిల్లీలీటర్లు అలా గొట్టంలోనే మిగిలిపోతాయనుకుందాం. పీడనం 15 సెంటీమీటర్లు పెరిగితే పోయేది 30 మిల్లీలీటర్లు. అర లీటరు గాలి పీల్చే పెద్దమనిషికి అది లెక్కలోది కాదు. మూడు కిలోల బిడ్డకు ఆ నష్టం మొత్తం ఊపిరి కన్నా పెద్దది. కొత్త యంత్రాలు ముందుగా గొట్టాన్ని పరీక్షించి ఈ నష్టాన్ని సరిచేసుకుంటాయి. గొట్టం మార్చిన తర్వాత ఆ పరీక్ష మళ్లీ చేయకపోతే లెక్క తప్పుతుంది.

తేమ నిలిపే ఫిల్టర్ సంగతీ ఇంతే. పెద్దల ఫిల్టర్‌లో 30 నుంచి 90 మిల్లీలీటర్ల ఖాళీ ఉంటుంది. దాన్ని పసిబిడ్డకు తగిలిస్తే, వదిలిన గాలి ఆ ఖాళీలోనే ఆగి, తర్వాతి ఊపిరితో మళ్లీ లోపలికే వెళుతుంది. యంత్రం నిమిషానికి ఇన్నిసార్లు గాలి ఇచ్చానని చూపిస్తూనే ఉంటుంది, బిడ్డ రక్తంలో మాత్రం కార్బన్ డయాక్సైడ్ పెరుగుతూ పోతుంది. పైగా ఆక్సిజన్ అందుతున్నంతసేపూ పల్స్ ఆక్సీమీటర్ అంకె బాగానే ఉండవచ్చు. పిల్లలకు ప్రత్యేకంగా చిన్న ఫిల్టర్లు ఉన్నది ఇందుకే.

ఇక కఫం. బిడ్డ గొంతుకు రంధ్రం చేసి అమర్చిన ట్రాకియాస్టమీ గొట్టం లోపలి వ్యాసం 3.5 మిల్లీమీటర్లు అనుకుందాం. చుట్టూ అర మిల్లీమీటరు మందాన కఫం పట్టితే మిగిలే దారి 2.5 మిల్లీమీటర్లు. గాలి నిలకడగా పారుతున్నప్పుడు నిరోధం వ్యాసార్ధం నాలుగో ఘాతానికి విలోమంగా మారుతుంది కాబట్టి, ఆ పల్చని పొరతోనే నిరోధం దాదాపు నాలుగు రెట్లవుతుంది. ఎనిమిది మిల్లీమీటర్ల పెద్దవాళ్ల గొట్టంలో అంతే కఫం పేరుకుంటే పెరుగుదల రెట్టింపు కూడా కాదు. తేమ చాలక కఫం గట్టిపడితే పసిబిడ్డ గొట్టం పూర్తిగా పూడుకుపోవడానికి ఎంతోసేపు పట్టదు.

మోగని అలారం

ఒక రాత్రిని ఊహించుకుందాం. బిడ్డ తల పక్కకు తిప్పింది. మెడపట్టీ వదులుగా ఉండటంతో గొట్టం గొంతులోంచి జారి దిండు మీద పడింది. యంత్రం గాలి ఊదుతూనే ఉంది. తల్లి పక్కనే పడుకుంది, అలారం మోగితే లేస్తానన్న భరోసాతో.

గాలిదారి ఎక్కడైనా ఊడితే ప్రెషర్ పడిపోతుంది, పడిపోతే అలారం మోగుతుంది అన్నది పాత సూత్రం. పెద్దవాళ్ల లావు గొట్టంతో అది నిజమే. కానీ బిడ్డ గొంతులోంచి ఊడిన గొట్టం యంత్రం నుంచి ఊడలేదు, దాని కొసనే వేలాడుతోంది. ఆ సన్నని దారిలోంచి గాలి బయటికి దూరడమే కష్టం కాబట్టి వెనక ప్రెషర్ నిలబడుతుంది. యంత్రం కొలిచేది ఆ ప్రెషర్‌నే. గొట్టం అవతలి కొస శ్వాసనాళంలో ఉందో దిండు మీద ఉందో దానికి తెలియదు.

దీన్ని లాస్ ఏంజలిస్ పిల్లల ఆసుపత్రి బృందం ప్రయోగశాలలో పరీక్షించి, 2001లో చెస్ట్ అనే వైద్యపత్రికలో ప్రచురించింది. ఇళ్లలో వాడే వెంటిలేటర్ల తక్కువ ప్రెషర్ అలారాలు, పిల్లల ట్రాకియాస్టమీ గొట్టం ఊడిపోవడాన్ని పసిగట్టలేకపోతున్నాయన్నది వాళ్ల నిర్ధారణ. ఇది నాటి యంత్రాల మీద, బల్ల మీద చేసిన ప్రయోగం. నేటి యంత్రాలు బయటికి వచ్చే గాలి పరిమాణాన్ని, లీకును కూడా చూసి అలారం ఇస్తాయి. అందుకని ఆ ఫలితాన్ని నేటి ప్రతి యంత్రానికీ యథాతథంగా అంటగట్టలేం. అయితే సన్నని గొట్టం తానే నిరోధమవుతుందన్న భౌతికసూత్రం యంత్రం మోడల్‌తో మారేది కాదు.

అలారం హద్దులను బాగా బిగిస్తే సరిపోతుందిగా అనిపించవచ్చు. బిగిస్తే దగ్గినా, ఏడ్చినా, ఒత్తిగిలినా మోగుతుంది. రాత్రికి ఇరవై సార్లు ఉత్తినే లేచిన ఇంట్లో, ఎవరో ఒకరు విసిగి హద్దు సడలిస్తారు, లేదా శబ్దం తగ్గిస్తారు. నాన్నా పులి కథలో ఊరివాళ్లు చేసింది ఇదే.

అంకెలు చెప్పేవి, చెప్పనివి

ఆ లాస్ ఏంజలిస్ పిల్లల ఆసుపత్రే తన పర్యవేక్షణలో ఇంటి దగ్గర వెంటిలేటర్ మీదున్న 228 మంది పిల్లల వివరాలను 2010లో ప్రచురించింది. ఐదేళ్లు దాటి బతికినవారు సుమారు 80 శాతం. మరణించినవారు 47 మంది. వీటిలో అసలు జబ్బు ముదరడం వల్ల సంభవించినవి 34 శాతమే. 49 శాతం మరణాలు ఎవరూ ఎదురుచూడనివి.

ఈ అంకెను జాగ్రత్తగా చదవాలి. ఎదురుచూడని మరణం అంటే యంత్రం చేసిన మరణం అని అర్థం కాదు. గొట్టం ఊడటం, పూడుకుపోవడం, హఠాత్తుగా వచ్చిన ఇన్‌ఫెక్షన్, గుండె ఆగడం అన్నీ అందులోకి వస్తాయి. ఒకే ఆసుపత్రి అనుభవం కూడా. ఇన్ని పరిమితులు పెట్టుకున్నా ఒక మాట మిగులుతుంది: ఈ పిల్లల భవిష్యత్తును జబ్బు ఒక్కటే నిర్ణయించడం లేదు. ఎదురుచూడని సంఘటనల వాటా చిన్నది కాదు.

అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2002లో ఇచ్చిన హెచ్చరిక దీనికి దగ్గరగా ఉంటుంది. దీర్ఘకాలం వెంటిలేటర్ మీదున్నవారికి సంబంధించి తనకు అందిన 23 ఘటనల్లో 19 మరణంతో, 4 కోమాతో ముగిశాయి. 65 శాతం ఘటనల్లో అలారం పనిచేయకపోవడమో, సరిగా పెట్టకపోవడమో, వినిపించకపోవడమో ఉంది. ఇవి అన్ని వయసులవారివి, స్వచ్ఛందంగా అందిన నివేదికలు. పిల్లల్లో ముప్పు శాతం ఎంతో వీటి నుంచి తేల్చలేం. ప్రమాదం ఏ తలుపులోంచి వస్తుందో మాత్రం ఇవి చూపిస్తాయి.

నురుగు నేర్పిన పాఠం

యంత్రంలోనే లోపం ఉన్న సందర్భాలూ లేకపోలేదు. 2021 జూన్‌లో ఫిలిప్స్ రెస్పిరానిక్స్ నిద్రలో శ్వాసకు సాయపడే లక్షల కొద్దీ సీపాప్, బైపాప్ యంత్రాలతో పాటు ట్రైలజీ 100, ట్రైలజీ 200 వెంటిలేటర్లను కూడా రీకాల్ చేసింది. చప్పుడు తగ్గించడానికి లోపల పెట్టిన పాలియురెథేన్ నురుగు పొడిపొడిగా రాలి, గాలిదారిలో కలవవచ్చన్నది కారణం. అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీన్ని అత్యంత తీవ్రమైన మొదటి తరగతి రీకాల్‌గా గుర్తించింది. నురుగు మార్చి తిరిగి పంపిన ట్రైలజీలలో కొన్నింటిలో కొత్త సిలికాన్ నురుగు ఊడి వస్తోందని 2022లో బయటపడింది. అంటే మరమ్మతుకే మరమ్మతు అవసరమైంది.

2021 ఏప్రిల్ నుంచి 2024 ఆరంభం దాకా నురుగుకు సంబంధించి 1,16,000కు పైగా నివేదికలు, వాటిలో 561 మరణాల ప్రస్తావనలు అందాయని ఎఫ్‌డీఏ వెల్లడించింది. నివేదిక అందడం వేరు, ఆ లోపమే కారణమని రుజువు కావడం వేరు. పైగా ఇందులో పెద్దల సీపాప్ యంత్రాలూ ఉన్నాయి.

రీకాల్ సమయంలో కుటుంబాలకు ఎదురైన సందిగ్ధమే అసలు పాఠం. నిద్రలో గురకకు సీపాప్ వాడే పెద్దాయన డాక్టరును అడిగి కొన్నాళ్లు ఆపవచ్చు. ఊపిరంతా యంత్రం మీదే ఆధారపడిన బిడ్డకు ఆ వీలు లేదు. వైద్యుడితో మాట్లాడకుండా వెంటిలేటర్ ఆపవద్దనీ, బాక్టీరియా ఫిల్టర్ అడ్డుపెడితే రేణువులు కొంత ఆగవచ్చనీ ఎఫ్‌డీఏ సూచించింది. ఆ ఫిల్టర్ కూడా గాలికి కొంత నిరోధమే. రెండో యంత్రం ఇంట్లో ఉండటం సౌకర్యం కాదు, భద్రతలో భాగమని అప్పుడు అర్థమైంది.

అంబులెన్సులో, మాస్కు కింద

పోర్టబుల్ వెంటిలేటర్ ఇంట్లోనే కాదు, దారిలోనూ వాడతారు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్సు సేవ నేడు తెలుగువారికి ఇంటింటా తెలిసిన పేరు. 2020 జులైలో ఆంధ్రప్రదేశ్ కొత్తగా దింపిన 108 వాహనాల్లో 26 నవజాత శిశువుల కోసమే ప్రత్యేకించినవి. ఆ ప్రత్యేకత ఎందుకంటే, నవజాత శిశువు శ్వాసనాళం పొడవు నాలుగైదు సెంటీమీటర్లే. నోట్లోంచి వేసిన గొట్టం ఒక సెంటీమీటరు పైకి జరిగితే బయటికి వచ్చేస్తుంది, కిందికి జరిగితే ఒక ఊపిరితిత్తిలోకే గాలి వెళుతుంది. బిడ్డ గడ్డం వంచితే చాలు, గొట్టం కొస లోపలికి జారుతుంది. గతుకుల రోడ్డు మీద స్పీడ్ బ్రేకర్ ఏం చేయగలదో చెప్పనక్కర్లేదు. ఇంజిన్ మోతలో అలారం వినపడదు, స్టెతస్కోపూ పనికిరాదు.

గాలి ప్రెషర్‌తోనే నడిచే కొన్ని ప్రయాణపు వెంటిలేటర్లలో నూరు శాతం ఆక్సిజన్, గాలి కలిపిన ఆక్సిజన్ అని రెండే మెట్లుంటాయి. నెలలు నిండని బిడ్డకు మితిమీరిన ఆక్సిజన్ కంటి రెటీనాకు చేటు. గంట ప్రయాణంతోనే చూపు పోతుందనడానికి లేదు, ముప్పు మోతాదుతో, వ్యవధితో ముడిపడింది. అయినా ఆక్సిజన్‌ను కొద్దికొద్దిగా తగ్గించే వీలున్న యంత్రాన్ని ఎంచుకోవడానికి ఆ కారణం చాలు.

గొంతుకు రంధ్రం లేకుండా మాస్కుతో ఇచ్చే పద్ధతిలో గొట్టం ఊడే భయం లేదు, వేరే భయాలున్నాయి. 2005లో ప్రచురితమైన ఒక ఫ్రెంచి అధ్యయనంలో మాస్కు వాడిన 40 మంది పిల్లల్లో 48 శాతానికి చర్మం ఒరుసుకుపోయింది, 68 శాతంలో ముఖం ఎంతోకొంత చదునైంది. పెరిగే ఎముక మీద రోజూ పట్టీ బిగిస్తే అది దారి మార్చుకుంటుంది. నోరూ ముక్కూ కప్పే మాస్కు పెట్టిన పసిబిడ్డకు వాంతి అయితే, మాస్కు తానే తీసుకోలేదు.

మన ఇంటి వాతావరణం

ట్రైలజీ 100 పనిచేయడానికి తయారీదారు చెప్పిన గరిష్ఠ ఉష్ణోగ్రత 40 డిగ్రీలు. రెంటచింతలలో, రామగుండంలో మే నెల ఎండ 45 దాటడం కొత్త కాదు. ఏసీ లేని గదిలో, కిటికీ పక్కన, కారు వెనక సీటులో యంత్రం ఆ హద్దు దాటే అవకాశం ఉంది. దాని లోపలి బ్యాటరీ సుమారు 3 గంటలు, విడిగా తగిలించేది మరో 3 గంటలు ఇస్తాయన్నది కొత్త బ్యాటరీ లెక్క. పాతబడిన కొద్దీ తగ్గుతుంది. ఇన్వర్టర్ ఉంది కదా అనుకునే ముందు, కఫం లాగే సక్షన్ యంత్రం, ఆక్సిజన్ కాన్సంట్రేటర్, తేమ వేడిచేసే హ్యూమిడిఫైయర్ కూడా దాని మీదే పడతాయని లెక్క వేసుకోవాలి.

అద్దెకు తెచ్చిన యంత్రం, చేతులు మారిన యంత్రం, అమెరికా నుంచి బంధువులు పెట్టెలో తెచ్చిన యంత్రం ఇంకో చిక్కు. రీకాల్ సమాచారం సీరియల్ నంబరును బట్టి, నమోదైన యజమానికి వెళుతుంది. వాడుతున్న ఇంటికి చేరకపోవచ్చు. మన దేశంలో వైద్య పరికరాల వల్ల కలిగిన హానిని నమోదు చేసే మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం 2015 జులైలో గాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ కేంద్రంగా మొదలైంది. ప్రమాదం తృటిలో తప్పినా అక్కడ నమోదు చేయడం మేలు. ఒక ఇంట్లో అదృష్టమనిపించినది పది ఇళ్లవి కలిపితే ఆధారమవుతుంది.

చివరికి ఏం చేయాలి?

అమెరికన్ థొరాసిక్ సొసైటీ 2016లో పిల్లల కోసం మార్గదర్శకాలు ఇచ్చింది. కుటుంబంలో కనీసం ఇద్దరికి పూర్తి శిక్షణ ఉండాలి. శిక్షణ పొందినవారు ఒకరు ఎల్లవేళలా మెలకువగా ఉండాలి. పల్స్ ఆక్సీమీటర్, రెండో వెంటిలేటర్, బ్యాటరీ, చేత్తో నొక్కి ఊపిరి అందించే అంబూ బ్యాగ్, తీసుకెళ్లగలిగే సక్షన్ యంత్రం అందుబాటులో ఉండాలి. తమ సిఫారసుల వెనకున్న ఆధారాల నాణ్యత చాలా తక్కువనీ, నిపుణుల అనుభవం మీదే ఎక్కువగా ఆధారపడ్డామనీ ఆ సంఘమే ఒప్పుకుంది. ఊపిరాడని పిల్లల్లో సగం మందికి ఆక్సీమీటర్ పెట్టి, సగం మందికి పెట్టకుండా ప్రయోగం చేయడం ఎవరి వల్లా కాదు కనుక ఈ లోటు త్వరగా తీరేది కాదు. ఆధారం బలహీనంగా ఉన్నచోట, తప్పితే ఎంత నష్టమన్నదే కొలబద్ద కావాలి.

ఆసుపత్రి నుంచి ఇంటికి బయలుదేరే ముందు చేయదగిన చిన్న పరీక్ష ఒకటుంది. బిడ్డను వైద్యబృందం అంబూ బ్యాగ్‌తో చూసుకుంటుండగా, బిడ్డ గొంతులో ఉన్న సైజు గొట్టమే ఇంకొకటి తెచ్చి, బిడ్డకు పెట్టిన సెట్టింగులతోనే నడుస్తున్న యంత్రానికి తగిలించి, కొసను గాలిలో వదిలేయాలి. అమ్మానాన్నలు గడియారం చూస్తూ నిలబడాలి. అలారం మోగితే ఎన్ని సెకన్లకు మోగిందో రాసుకోవాలి. మోగకపోతే అక్కడే, వైద్యుల ముందే సెట్టింగులు మార్చించుకోవాలి. అప్పటికీ మోగకపోతే ఆ ఇంట్లో రాత్రి కాపలా ఎలా ఉండాలో నిర్ణయించాల్సింది ఆ గదిలోనే. ఆ తర్వాత యంత్రం నిశ్శబ్దంగా ఉన్న ప్రతిసారీ వాళ్ల చూపు ముందు తెర మీదికి కాకుండా బిడ్డ ఛాతీ మీదికి వెళుతుంది.